విశ్వవిద్యాలయ గ్రంథాలయములు - సెల్ ఫోను మూలమున సేవావిస్తరణము

గ్రంథశబ్దము కూర్చుట, ముడివేయుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. తాటియాకులకు రంధ్రముచేసి, త్రాటఁ గ్రుచ్చి, ముడివేసిన నాఁటి పుస్తకమున కీ పేరు చక్కఁగ నమరినది. ఆలయశబ్దము ఆఙుపూర్వకమైన లీధాతువువలన నేర్పడి, వచ్చి చేరి యొదిఁగియుండు చోటను నర్థము నిచ్చుచున్నది. కావున గ్రంథాలయమనఁగా గ్రంథము లొదిఁగియుండు స్థావరమని పేరే చెప్పుచున్నది. చదువఁగోరువాఁడు అచ్చోటికిఁ బోవలెను. గ్రంథము వాని యొద్దకు రాదు. చిరకాలము లోకమున నిదియే వాడుక.

ఈ కట్టుబాటును మొదట సడలించినది సెల్ ఫోను గాదు. 1931వ సంవత్సరమున నాఁటి తంజావూరు జిల్లాలోని మన్నారుగుడి ప్రాంతమునఁ బుస్తకములు ఎద్దులబండి నెక్కి పల్లెలకుఁ బోయినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూఁడి, కొల్లూరుల నడుమఁ గాలువమీఁద పడవ గ్రంథాలయమును నడపించిరి. పైరులకు నీరు దెచ్చు కాలువయే పల్లెవారికిఁ బుస్తకములను దెచ్చినది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుఁడుగా నుండిన రంగనాథన్ గారు తమ పంచసూత్రములను బ్రకటించినది కూడ 1931లోనే. గ్రంథములు దాఁచుటకుఁ గాక వినియోగమునకే యనియు, చదువరి కాలము వ్యర్థము కారాదనియు నా సూత్రముల తాత్పర్యము. బండి, పడవ, సెల్ ఫోను అనునవి సాధనములు. సాధ్యము మాత్రము నాఁడును నేఁడును ఒక్కటియే.

విశ్వవిద్యాలయ గ్రంథాలయముల విషయమున నీ ప్రశ్న మఱింత తీవ్రమైనది. ఉద్యోగము చేయుచుఁ బరిశోధన సాగించు నొక కళాశాలాధ్యాపకుని స్థితిని భావింపుఁడు. వాని కళాశాల యొక చిన్నయూర నున్నది; వానికిఁ గావలసిన గ్రంథములు రెండువందల మైళ్ల దూరమునఁ గలవు. సెలవులలోఁ బోయి, నాలుగుదినములుండి, చేతనైనన్ని పుటలు వ్రాసికొని తిరిగివచ్చుట వాని పద్ధతి. వచ్చిన పిమ్మట నొక పాదము సందేహమైనచో మఱల వేసవిదాఁక వేచియుండవలెను. ఇట్లు వేచియుండియే యెందఱో తమ సిద్ధాంతవ్యాసములను విడిచిపెట్టిరి. ఇట్టివాని చేతిలోనున్న ఫోను గ్రంథాలయద్వారము కాఁగలదా, అగుటకు గ్రంథాలయమువా రేమి చేయవలెను అనునదియే యీ వ్యాసమునఁ బరిశీలింపఁబడుచున్నది.

పాణినీయమున అధికారముల ప్రవృత్తి మూఁడువిధములని మహాభాష్యకారుఁడు వివరించెను. ఒకటి యొకచోటనే యుండియు, ఇంటిలోని దీపమువలె శాస్త్రము నంతటిని వెలిఁగించును. రెండవది త్రాటఁ గట్టిన కట్టె లాగఁబడినట్లు చకారముచేత ముందు సూత్రములోనికి లాగఁబడును. మూఁడవది ప్రతిసూత్రమునందును తానే వచ్చి నిలుచును. గ్రంథాలయసేవ ఫోనుమూలమున దూరమునకు వ్యాపించు విధములను గూడ నిట్లే మూఁటిగా విభజించినచో విషయము సుగమమగును. తన చోటనుండియే వెలుఁగునిచ్చుట మొదటిది. చదువరి ప్రశ్నచే లాగఁబడి వచ్చుట రెండవది. చదువరు లున్నచోటికిఁ దానే పోయి నిలుచుట మూఁడవది.

అందు మొదటిది పట్టికలును, ఎలక్ట్రానిక్ గ్రంథములును. పూర్వము కార్డులపై నుండిన గ్రంథసూచి నేఁడు ఇంటరునెట్టులో నున్నది. దీనిని నడుపుటకు మనదేశమునఁ బెక్కు గ్రంథాలయములు కోహా యను సాఫ్టువేరును వాడుచున్నవి. అది 1999లో న్యూజీలండులోని హోరోవేనువా గ్రంథాలయసంస్థకై నిర్మింపఁబడి, వెల లేక లోకమునకీయఁబడినది. మావోరీ భాషలో కోహా యనఁగా కానుక యని యర్థము. ఫోనులోఁ బట్టికను దెఱచి, గ్రంథమున్నదా, ఎవరైనఁ గొనిపోయిరా, ఏ బీరువాలో నున్నది యను నంశములను బ్రయాణమునకు ముందే తెలిసికొనవచ్చును. పైయధ్యాపకుని కిది చిన్నలాభము గాదు. లేని పుస్తకమునకై చేయు ప్రయాణము తప్పును.

పరిశోధనవ్యాసములను దెప్పించు పత్రికల విషయ మింతకంటెఁ జిక్కైనది. ప్రకాశకులు చందా కట్టిన సంస్థ యావరణములోని కంప్యూటర్లకే వాకిలి తెఱతురు. ఆవరణము దాఁటిన చదువరి పరాయివాఁడగును. ఈ చిక్కు తీర్చుటకు గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము ఇన్‌ఫెడ్ అను నేర్పాటును నడపుచున్నది. దాని పద్ధతి యిట్టిది: చదువరి పత్రిక పుటలోఁ దన సంస్థపేరు నెన్నుకొనును, వెంటనే వాఁడు తన సంస్థయొక్క ద్వారమునకుఁ బంపఁబడును, అచటఁ దన పేరును పాసువర్డును దెలుపును, సంస్థ "ఇతఁడు మావాఁడే" యని ప్రకాశకునకు సాక్ష్యమిచ్చును. పాసువర్డు ప్రకాశకుని చేతఁ బడదు. చదువరి పేరు సైతము తెలియఁజేయక యే సాక్ష్య మీయవచ్చును. ఊరిలో నొకనిని మఱియొకరు పూఁచీపడి పరిచయముచేయుటవంటి దిది.

2024 నవంబరు 25వ తేదిని గేంద్రమంత్రివర్గ మంగీకరించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకము ఈ దీపమునకుఁ జాల నూనె పోసినది. 30 ప్రకాశకసంస్థల దాదాపు 13,000 పత్రికలను, ప్రభుత్వనిర్వహణమందలి 6,300 పైఁబడిన సంస్థలకు నందించుటకై 2025, 2026, 2027 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయింపఁబడినవి. ఇందువలనఁ బెద్ద విశ్వవిద్యాలయమునకును, మాఱుమూల ప్రభుత్వకళాశాలకును ఆ పత్రికల విషయమున భేదము తగ్గినది. కాని ప్రైవేటు కళాశాలలు ఈ తొలిదశలోఁ జేరలేదు. సిద్ధాంతవ్యాసములకు శోధగంగ యున్నది. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారి 2016, 2022 సంవత్సరముల నిబంధనల ననుసరించి ప్రతి పిహెచ్.డి. వ్యాసముయొక్క ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్టునకుఁ జేరవలెను. 2018 జూను 19వ తేదిని దేశమున కంకితమైన నేషనల్ డిజిటల్ లైబ్రరీని ఖరగపూరు ఐఐటీవారు నిర్వహించుచున్నారు. అది ఫోనులోఁ బ్రత్యేకముగాఁ దెఱచుకొనుటకు వీలుగ నున్నది.

రెండవవిధము ప్రశ్నోత్తరసేవ. గ్రంథాలయమున బల్లయొద్దఁ గూర్చుండిన గ్రంథపాలకు నడుగునట్లే దూరమునుండి సందేశము పంపి యడుగుట. అమెరికాలోని ఆగ్నేయ లూసియానా విశ్వవిద్యాలయమువారు 2005లోనే ఫోను సందేశములకు జవాబు లిచ్చు సేవ నారంభించిరి. మనదేశమున నీ పనికి వాట్సాపు సహజముగఁ జేతికందినది. అయినను సాధన మందినంతమాత్రమున సేవ సిద్ధింపదు. ఒక యుదాహరణము చూడఁదగినది. బాలవ్యాకరణప్రతి కావలెనని పరిశోధకుఁ డడిగె ననుకొందము. అట్టపుట ఫొటోతీసి పంపుట జవాబు గాదు. గ్రంథాలయమున నే యే ముద్రణములు గలవు, వానిలో టీక గల దేది, పట్టికలో వాని సంఖ్య లేవి, ఏది యింటి కిత్తురు, ఏది యచ్చటనే చూడవలెను, ఫోనులోఁ జదువుటకు నిర్బంధములేని ప్రతి యెచ్చట నున్నది యని నాలుగు పంక్తులలోఁ దెలుపుట జవాబు. మొదటిదానికి అరనిమిషము చాలును. రెండవదానికి శాస్త్రజ్ఞానము వలయును.

ఈ సేవను నడుపువారు పాటింపఁదగిన నియమములు కొన్ని గలవు. ప్రశ్నలకు వాడు సంఖ్య గ్రంథాలయమునకుఁ జెందినదిగా నుండవలెను. ఉద్యోగి సొంతసంఖ్య కారాదు. ఏలయన నా యుద్యోగి బదిలీయైనచో సేవయు వానితోనే పోవును. కానిచో రాత్రింబవళ్లు వానికి విశ్రాంతి యుండదు. ఏ వేళలలో జవాబు వచ్చునో ముందే ప్రకటింపవలెను. తెలియని ప్రశ్నను ఆ శాస్త్రము నెఱిఁగినవారికిఁ బంపి, పంపితిమని యడిగినవానికిఁ జెప్పవలెను. వచ్చిన ప్రశ్నలను, ఇచ్చిన జవాబులను, అడిగినవారి పేర్లు తొలఁగించి, విషయానుసారముగా వ్రాసి యుంచినచో నవి కొంతకాలమున కొక యాకరగ్రంథముగా నుపకరించును.

మూఁడవవిధము సామాజికమాధ్యమములు. ఫేసుబుక్కు, యూట్యూబు, వాట్సాపుల యందుఁ జదువరులు నిత్యము కూడియుందురు గనుక గ్రంథాలయ మచ్చటికే పోయి క్రొత్తగ వచ్చిన గ్రంథములను, వేళలలోని మార్పులను, పరీక్షాకాలపు నేర్పాటులను దెలుపుట మంచిది. పట్టికలో వెదకు విధమును రెండు మూఁడు నిమిషముల చిత్రములుగాఁ జూపుటయుఁ బ్రయోజనకరమే. 1994లో జపానునందలి డెన్సోవేవ్ సంస్థ కనిపెట్టిన క్యూఆర్ కోడును బీరువాకు నంటించినచో, నా విషయమునఁ గల ఎలక్ట్రానిక్ గ్రంథములపట్టిక ఫోనులోఁ దెఱచుకొనును. అప్పుడు కనఁబడు పుస్తకము కనఁబడని పుస్తకమునకు దారి చూపును.

ఇచ్చట నొక జాగ్రత్త యత్యంతముఖ్యము. వాట్సాపు గుంపులోఁ జేరిన ప్రతివాని ఫోనుసంఖ్యయు తక్కినవారికిఁ గనఁబడును. నూర్లకొలఁది విద్యార్థులున్న గుంపున నొక విద్యార్థినిని జేర్చుట యనఁగా నామె సంఖ్య నపరిచితుల కందఱకు నిచ్చుటయే. పుస్తకములవార్త వినఁగోరినందులకు నామె యీ మూల్యము చెల్లింప నక్కఱలేదు. 2023లో వచ్చిన వాట్సాపు చానెలు పద్ధతిలో వినువారిసంఖ్యలు ఒకరి కొకరికిఁ దెలియవు. కావునఁ బ్రకటనలకుఁ జానెలును, ప్రశ్నలకు వేఱుగా సందేశమును వాడుట యుచితము. ఎవ రే పుస్తకమును గొనిపోయిరను విషయమును గుంపులోఁ బ్రకటించి తిరిగి యిమ్మని హెచ్చరించుట మఱియు దోషము. మనుజుఁడేమి చదువుచున్నాఁడో అది వానికిని గ్రంథాలయమునకును నడుమ నుండవలసిన రహస్యము. 2023లో వెలువడిన వ్యక్తిగతసమాచార రక్షణచట్టము పుట్టుటకు ముందే మంచి గ్రంథపాలకు లెల్లరు నీ ధర్మమును బాటించిరి.

ఈ మూఁడు విధములకును మూలమైనది పట్టిక. అది సరిగా లేనిచోఁ దక్కినవన్నియు నిష్ఫలములు. తెలుఁగు గ్రంథముల విషయమున నీ లోపము ప్రత్యేకముగఁ దోఁచుచున్నది. బాలవ్యాకరణమునే తీసికొందము. పరవస్తు చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన యీ గ్రంథనామమును ఒక పట్టిక ముకారాంతముగను, మఱియొకటి నిండుసున్నతోను వ్రాయును. రోమనులిపిలోనైతే నొకరు దీర్ఘచిహ్నముంచుదురు, ఒకరు అచ్చును రెండుమాఱులు వ్రాయుదురు, ఒకరు దీర్ఘమునే విడిచిపెట్టుదురు. గ్రంథకర్తపేరు నొకచోట ఇంటిపేరుతో, నొకచోట సూరిశబ్దముతో మొదలగును. మనుష్యుఁ డిన్నిటిని నొకటిగా గ్రహించును, యంత్రము గ్రహింపదు.

యూనికోడు ప్రమాణమున 1991 నాఁటి తొలికూర్పునందే తెలుఁగునకు స్థానము కలిగినది. అందుఁ బ్రతియక్షరమునకు నొక సంఖ్య గలదు. రేఫమునకు నొకటి, శకటరేఫమునకు మఱియొకటి, అరసున్నకు వేఱొకటి. కావున ముద్రితగ్రంథమున "తెలుఁగు" అని యున్నదానిని అరసున్న విడిచి వెదకినచో, సవరణ లేని యంత్రమునకు నవి రెండును భిన్నశబ్దములు. మఱియు అన్యదేశ్యపదముల నడుమ హల్లులు కలసిపోకుండుటకై కంటికిఁ గనఁబడని యొక చిహ్నమును జొప్పింతురు. అది యున్న పదమును లేని పదమును చదువరి కొక్కటియే యయ్యు యంత్రమునకు వేఱువేఱు. నేఁడు ఫోనులో తెలుఁగున వ్రాయుటయు, పలికి వ్రాయించుటయు సులభమైనందున విద్యార్థులు తెలుఁగులిపిలోనే వెదకుచున్నారు. పట్టిక రోమనులిపిలో మాత్రమే యున్నచో "ఫలితములు లేవు" అని తెఱమీఁద వచ్చును. విద్యార్థి యా గ్రంథము లేదని నమ్మి మరలిపోవును. బీరువాలోనున్న పుస్తకము లోకమున లేనిదగును. పడవ దాఁటిపోయిన దానికంటె నిది పెద్దనష్టము. ఏలయనఁ బడవ మఱల వచ్చును, వెదకినవాఁడు మఱల వెదకఁడు.

దీనికిఁ బరిహారము వ్యాకరణమునందే కలదు. ముద్రణమునందలి రూపమును మార్పరాదు, అది సాక్ష్యము. కాని వెదకుటకు మాత్ర మొక సామాన్యరూపమును యంత్రమునకు నేర్పవచ్చును: అందు అరసున్నకు లోపము, శకటరేఫమునకు రేఫము, ముకారమునకును నిండుసున్నకును అభేదము. గ్రంథసూచీవివరములను వ్రాయు మార్క్ 21 పద్ధతిలో 880వ గడి మూలలిపిరూపము నుంచుటకే యేర్పడినది. దానిని బూరించినచోఁ దెలుఁగురూపమును రోమనురూపమును నొక్కచోట నుండును. గ్రంథకర్త కొక నియతనామమును నిర్ణయించి తక్కిన రూపములనుండి దానికి దారి చూపవలెను. ఇది యాదేశమువంటిది, స్థాని యెన్నివిధములైనను ఆదేశ మొక్కటియే.

ఈ సంస్కారము జరుగులోపలఁ జదువరులకు నొక యుపాయము గలదు. డు, ము, వులు తెలుఁగునఁ బ్రథమావిభక్తి ప్రత్యయములు. గ్రంథనామమునుండి యీ ప్రత్యయమును దీసి, ప్రాతిపదికమును మాత్రము వ్రాసి, చివర నక్షత్రచిహ్నము నుంచినచోఁ బెక్కు పట్టికలలో ముకారాంతమును, నిండుసున్న రూపమును రెండును దొరకును. ఒకసారి తెలుఁగులిపిలో, నొకసారి రోమనులిపిలో దీర్ఘము లేక, నొకసారి గ్రంథకర్తపేరుతో వెదకినఁ గాని గ్రంథము లేదని నిర్ణయింపరాదు.

స్కాను చేసిన ప్రతుల విషయమునఁ జట్టముయొక్క హద్దును గూడఁ దెలియవలెను. 1957వ సంవత్సరపుఁ గాపీరైటు చట్టము ననుసరించి గ్రంథకర్త మరణించిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు హక్కు నిలుచును. 1940లో గతించిన గిడుగు రామమూర్తిగారు తమ జీవితకాలమునఁ బ్రకటించిన రచనలపై హక్కు 2000 చివరతో ముగిసినది. 1976లో గతించిన విశ్వనాథ సత్యనారాయణగారి రచనలపై 2036 చివరిదాఁక నుండును. ప్రాచీనకావ్యమునకు నేఁటివారు వ్రాసిన టీకకు వేఱుగ హక్కు గలదని మఱవరాదు. పరిశోధకుఁడు తనకై కొన్ని పుటల ప్రతి తీసికొనుట యొకటి. పూర్తిగ్రంథమును గుంపులో నందఱకుఁ బంచుట మఱియొకటి. గ్రంథాలయము పేరనున్న గుంపునందే యిట్టి పంపకములు జరుగుచుండఁగా నుపేక్షించుట తగదు.

మఱియు నిదియంతయు ఎవరి కందును, ఎవరి కందదు అనునది విచారింపవలెను. ఇంటి కొక్క ఫోనుండి యది తండ్రితోఁ బనికిఁ బోవు నిండ్లు గలవు. గ్రంథాలయ మావరణమున నింటరునెట్టునకు, కంప్యూటర్లకు వ్యయము తగ్గించి యంతయు ఫోనుమీఁదనే పెట్టినచో నట్టి విద్యార్థికి ఉన్నదియుఁ బోవును. చూపు లేని చదువరులకు ఫోను పుటను జదివి వినిపింపఁగలదు; కాని పుట ఫొటోగా నున్నచో నది మూగయగును, అక్షరములుగా నుండవలెను. 2012లోఁ గాపీరైటు చట్టమును సవరించి, 2014లో మరాకేషు ఒడంబడికను స్థిరీకరించి మనదేశము వారికై గ్రంథముల నట్లు మార్చుట కనుమతించినది. అనుమతి గలదు గనుక నాచరణమే మిగిలియున్నది.

ఫేసుబుక్కుపుటను జూచువారెందఱను లెక్క సేవకుఁ గొలఁతగాదు. అడిగిన ప్రశ్నలెన్ని, తీరినవెన్ని, ప్రయాణము తప్పినవా రెందఱు, మధ్యలో నాఁగిపోక ముగిసిన వ్యాసములెన్ని యని విచారించుట సరియైన కొలఁత. కొల్లూరు కాలువమీఁదఁ బడవతోఁ గూడ నొక మనుష్యుఁడు పోయెను; ఎవరికేమి కావలెనో యాతఁ డెఱుఁగును. ఫోను పడవను మాత్రమే యిచ్చినది. పట్టికను శుద్ధిచేసి, ప్రశ్నకు జవాబు వ్రాసి, చదువరి రహస్యమును గాపాడు గ్రంథపాలకుని స్థానమును అది పూరింపఁజాలదు. విశ్వవిద్యాలయాధికారులు ఫోనుసేవకై సాఫ్టువేరును గొను నాఁడే యా యుద్యోగములను గూడ నింపవలసి యున్నదని గ్రహింతురుగాక. అట్లు చేసిన నాఁడు, పై చిన్నయూరి యధ్యాపకుఁడు వేసవికై వేచియుండక, సాయంకాలము పాఠము ముగించి యింటి యరుగుమీఁదఁ గూర్చుండియే తన సందేహమును దీర్చుకొనఁగలఁడు.